విద్యాలయ వేదికపై వెలుపలి వక్త

1916 ఫిబ్రవరి 4వ తేదీన నాటి వైస్రాయి హార్డింజి ప్రభువు కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి శంకుస్థాపన చేశారు. ఆ ఉత్సవానికి అనుబంధంగా తరువాతి దినాలలో ప్రముఖుల ఉపన్యాసాలు ఏర్పాటైనాయి. పండిత మదనమోహన మాలవీయగారి ఆహ్వానాన్ని మన్నించి, 6వ తేదీన గాంధీజీ వేదిక నెక్కారు. దక్షిణాఫ్రికానుంచి ఆయన తిరిగివచ్చి అప్పటికి ఏడాది మాత్రమే దాటింది. ఒక సంవత్సరంపాటు దేశాన్ని చూడవలసిందే తప్ప ప్రజావిషయాలపై మాట్లాడరాదని గోఖలేగారు పెట్టిన నియమం గడువు తీరింది. సభాధ్యక్షులు దర్భంగా మహారాజు. వేదికపై అనీబిసెంటమ్మ, ఆభరణాలు ధరించిన సంస్థానాధీశులు. ఎదుట, అత్యధిక సంఖ్యలో విద్యార్థులు.

విశ్వవిద్యాలయానికి వెలుపలినుంచి వచ్చిన ఆ అతిథి ఆనాడు చెప్పినదేమిటి? కాశీ వంటి పుణ్యక్షేత్రంలో తన దేశీయులతో పరాయిభాషలో మాట్లాడవలసి రావడం తనకు సిగ్గుగా ఉన్నదని మొదలుపెట్టారు. విశ్వనాథాలయం చుట్టూ ఉన్న సందుల అశుభ్రతను ప్రస్తావించారు. నగలతో మెరిసిపోతున్న రాజులను చూపి, ఆ నగలను విడిచి ప్రజల తరఫున నిక్షేపంగా ఉంచనిదే దేశానికి విముక్తి లేదన్నారు. వైస్రాయి రాక సందర్భంగా కాశీ వీధులలో అడుగడుగునా నిలిపిన గూఢచారులను గూర్చి, ఈ అవిశ్వాసం ఎందుకని ప్రశ్నించారు. అటుపిమ్మట బాంబులు విసిరే విప్లవకారుల ప్రసక్తి వచ్చింది. వారి దేశభక్తిని గౌరవిస్తానంటూనే, చంపడంలో గౌరవమేమున్నదని ఆయన అడుగుతున్నారు. ఆ వాదం ముగింపునకు రాకమునుపే అనీబిసెంటమ్మ ఆపివేయవలసిందిగా కోరారు.

ఇక్కడ జరిగినదాన్ని విద్యార్థి సంఘాల కార్యదర్శులు శ్రద్ధగా గమనించాలి. గాంధీజీ ఆమెతో వాదానికి దిగలేదు. అధ్యక్షుని వైపు తిరిగి, తన మాటలు దేశానికి సేవ కావని వారు భావిస్తే తప్పక ఆపుతానన్నారు. సభికులు కొనసాగించమని కేకలు వేశారు. అధ్యక్షులు వక్తను తన ఉద్దేశాన్ని వివరించమన్నారు. ప్రసంగం మళ్లీ సాగింది; కాని కొద్దిసేపటికే వేదికపైని పెద్దలు లేచిపోయారు, అధ్యక్షులూ ఆసనం విడిచారు. సభ అర్ధాంతరంగా ముగిసింది. తరువాత పత్రికలలో వాదప్రతివాదాలు నడిచాయి. తొందరపడి అడ్డుతగలకపోయి ఉంటే తన ప్రసంగం కొద్ది నిమిషాలలో పూర్తయ్యేదనీ, హింసావాదం విషయంలో తన అభిప్రాయాన్ని ఎవరూ అపార్థం చేసుకొనే అవకాశం ఉండేది కాదనీ గాంధీజీ సమాధానమిచ్చారు.

నా దృష్టిలో ఈ ఘట్టంలోని ముఖ్యాంశం ఆ సమాధానంలోనే ఉన్నది. సగంలో ఆపిన ప్రసంగం పూర్తిగా విన్న ప్రసంగంకంటె ఎక్కువ అపోహలకు తావిస్తుంది. గాంధీజీ ఆనాడు హింసను ఖండించబోతున్నారు. ఆపించినవారికి అది సమర్థనగా వినిపించింది. సదుద్దేశం లేదని అనీబిసెంటమ్మను ఎవరూ అనలేరు. సభలో పోలీసుల కళ్లూ చెవులూ ఉన్నాయని, కొత్తగా పుట్టిన విద్యాసంస్థకు హాని కలుగుతుందని ఆమె భయం. విద్యాలయాలలో నేటికీ ఎందరో పెద్దలు వక్తల నోరు మూయించేది దురుద్దేశంతో కాదు, ఇటువంటి భయంతోనే. మరుసటి ఏడాదే, 1917లో, మద్రాసు ప్రభుత్వం విద్యార్థులు రాజకీయ సభలకు హాజరు కారాదని నిషేధించింది. జూన్‌లో హోంరూల్ ఉద్యమనాయకురాలైన ఆమెనే నిర్బంధించింది. కాశీలో ఆపమన్న స్వరాన్ని మద్రాసు ప్రభుత్వం ఆపివేసింది.

మరొక సంగతి. ఆ ప్రసంగ వార్తను కాశీలో పత్రికలో చదివిన ఇరవై ఏండ్ల యువకుడొకడు గాంధీజీకి సందేహాలు రాసి, సమాధానాలు అందుకొని, ఆ ఏడాది జూన్ 7వ తేదీన అహమ్మదాబాదు సమీపంలోని కోచ్రబ్ ఆశ్రమానికి వెళ్లాడు. ఆయనే వినోబా భావే. ఒక సభలోని మాట ఎవరి చెవిన పడి ఎక్కడ మొలకెత్తుతుందో ఆ సభను ఆపినవారు గాని, ఏర్పాటు చేసినవారు గాని ఊహించలేరు.

వినే హక్కు

వాక్‌స్వాతంత్ర్యమనగానే మనం మాట్లాడేవాని హక్కును గూర్చి మాత్రమే ఆలోచిస్తాం. వెలుపలి వక్తల విషయంలో ఈ దృష్టి చాలదు. ఒక ప్రసిద్ధ వక్తను ఒక కళాశాలలో మాట్లాడనీయకపోతే ఆయనకు కలిగే నష్టం స్వల్పం. ఆయనకు పత్రికలున్నాయి, ఇతర వేదికలున్నాయి. నష్టపోయేది ఆహ్వానించిన విద్యార్థులు, అంతకంటె ఎక్కువగా, ఆయనను ఖండించదలచి ప్రశ్నలు సిద్ధం చేసుకొని వచ్చిన విద్యార్థులు. ఎదుటివాని వాదాన్ని వాని నోటనే విని, వాని ముఖానే కాదనగలగడం విద్యలో ఒక భాగం. పాఠ్యగ్రంథం ఆ అవకాశం ఇవ్వదు.

భారత రాజ్యాంగం 19వ అధికరణం మొదటి క్లాజులో పౌరులందరికీ వాక్‌స్వాతంత్ర్యం, ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే స్వేచ్ఛ హామీ ఇచ్చింది. అదే అధికరణం వాక్కుపై విధించదగిన పరిమితులనూ లెక్కపెట్టి చెప్పింది. 1951లో మొదటి సవరణ ద్వారా ప్రజాశాంతి, నేరానికి పురికొల్పడం మొదలైనవి ఆ జాబితాలో చేరాయి; అయితే పరిమితి సమంజసమైనదై ఉండాలన్న నిబంధన కూడ ఆ సవరణతోనే వచ్చింది. 1963లో దేశ సార్వభౌమత్వం, సమగ్రత చేర్చబడ్డాయి. ఈ జాబితాలో లేని కారణంతో ప్రభుత్వం ఎవరి మాటనూ అణచజాలదు. ‘ఎవరికో కష్టం తోస్తుంది’ అన్నది ఆ జాబితాలో లేదు.

1962లో కేదారనాథ్ సింగ్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ప్రభుత్వాన్ని ఎంత తీవ్రంగా విమర్శించినా, హింసకు గాని ప్రజాశాంతి భంగానికి గాని పురికొల్పే ధోరణి లేనంతవరకు రాజద్రోహం కాదని తేల్చింది. 2015లో శ్రేయా సింఘాల్ వ్యాజ్యంలో ఇదే విషయాన్ని మరింత స్పష్టం చేస్తూ, చర్చించడం, ఒక పక్షాన్ని సమర్థించి వాదించడం, పురికొల్పడం అనే మూడు మెట్లను వేరుచేసి చూపింది. మొదటి రెండూ ఎంత అప్రియమైనవైనా రాజ్యాంగ రక్షణ కలవే. మూడవ మెట్టు చేరినప్పుడే శాసనం జోక్యం చేసుకోవచ్చు. కళాశాల ప్రిన్సిపాలు తన బల్లపై ఈ మూడు మాటలు రాసి ఉంచుకొంటే అనేక వివాదాలు పుట్టకమునుపే సమసిపోతాయి.

కాని విద్యార్థులు విస్మరించే మరొక పార్శ్వం ఉన్నది. మాట్లాడే హక్కు ఉన్నంతమాత్రాన ఇతరుల ఆవరణలో సభ జరుపుకొనే హక్కు దానంతటది రాదు. రైల్వే ఆవరణలో కార్మికసంఘ సభలకు సంబంధించిన వ్యాజ్యంలో 1969లో సుప్రీంకోర్టు ఈ సంగతినే చెప్పింది. విశ్వవిద్యాలయం హాలు విశ్వవిద్యాలయానిది. తరగతులకు అంతరాయం కలగకుండ, పరీక్షల కాలంలో గోల లేకుండ వేళలు, స్థలాలు నిర్ణయించే అధికారం దానికి ఉన్నది. అయితే ఒకసారి ఆ హాలును విద్యార్థి సంఘాల సభలకు తెరచిన పిమ్మట, ఒక సంఘానికి ఇచ్చి మరొక సంఘానికి, వారి అభిప్రాయం నచ్చని కారణంగా, నిరాకరించడం న్యాయమనిపించుకోదు. వేళ, స్థలం, పద్ధతి నియంత్రించడం వేరు. అభిప్రాయాన్ని నియంత్రించడం వేరు. మొదటిదాని ముసుగులో రెండవది సాగడమే సర్వసాధారణంగా కనిపించే వ్యవహారం.

రాతిగోడకు ఆవల

ఇందుకు ప్రపంచంలో ప్రసిద్ధమైన ఉదాహరణ అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రంలోనిది. 1963 జూన్‌లో, సమావేశాలు ముగియబోతున్న వేళ, ఆ రాష్ట్ర శాసనసభ హడావుడిగా ఒక చట్టం చేసింది. కమ్యూనిస్టు పార్టీ సభ్యులని తెలిసినవారు, రాజ్యాంగాన్ని కూలదోయాలని వాదించేవారని తెలిసినవారు, తమ కమ్యూనిస్టు సంబంధాలను గూర్చిన ప్రశ్నలకు రాజ్యాంగ రక్షణను ఉటంకించి సమాధానం చెప్ప నిరాకరించినవారు రాష్ట్ర ధనసహాయం పొందే విద్యాలయాలలో ఉపన్యసించరాదన్నది దాని సారాంశం. వారు చెప్పబోయే విషయం చరిత్ర అయినా, రసాయనశాస్త్రం అయినా తేడా లేదు. నిషేధం మాటపై కాదు, మనిషిపై.

ఈ చట్టం వల్ల విశ్వవిద్యాలయాల గుర్తింపుకే ప్రమాదం ఏర్పడేసరికి 1965లో దానిని సవరించి, వక్తల విషయంలో నిబంధనలు చేసే అధికారాన్ని పాలకమండళ్లకు అప్పగించారు. భారం చేతులు మారిందే తప్ప తగ్గలేదు. 1966లో చాపెల్‌హిల్‌లోని విశ్వవిద్యాలయ విద్యార్థులు ఫ్రాంక్ విల్కిన్సన్, హెర్బర్ట్ ఆప్తేకర్ అనే ఇద్దరు వక్తలను ఆహ్వానించారు. పాలకమండలి నిరాకరించింది. అప్పుడు విద్యార్థులు ఏమి చేశారు? అద్దాలు పగలగొట్టలేదు. విశ్వవిద్యాలయ ఆవరణకు, ఊరి వీధికి నడుమ ఒక పొట్టి రాతిగోడ ఉన్నది. గోడకు ఆవల పురపాలక సంఘానికి చెందిన కాలిబాట. ఈవల విశ్వవిద్యాలయం పచ్చిక. మార్చి 2వ తేదీన విల్కిన్సన్, 9వ తేదీన ఆప్తేకర్ కాలిబాటపై నిలబడి గోడ మీదుగా మాట్లాడారు. విద్యార్థులు పచ్చికపై కూర్చొని విన్నారు. మోకాలెత్తు గోడకు ఒకవైపున నేరమైన మాట రెండవవైపున నేరం కాకుండా పోయింది. ఆ చట్టంలోని అసంబద్ధతను ఇంతకంటె స్పష్టంగా చూపగల వ్యాసం మరొకటి ఉండదు.

పిమ్మట విద్యార్థి సంఘాధ్యక్షుడు పాల్ డిక్సన్, మరికొందరు విద్యార్థులు న్యాయస్థానానికి వెళ్లారు. 1968 ఫిబ్రవరి 19వ తేదీన ముగ్గురు న్యాయమూర్తుల ఫెడరల్ న్యాయస్థానం ఆ చట్టం, దాని కింద చేసిన నిబంధనలు అస్పష్టమైనవంటూ కొట్టివేసింది. తీర్పుకు ఆధారం అస్పష్టత కావడం గమనార్హం. ‘తెలిసినవారు’ అంటే ఎవరికి తెలిసినవారు? ఎంత తెలిసినవారు? నియమం స్పష్టంగా లేనప్పుడు అధికారి ఎప్పుడూ జాగ్రత్తవైపే మొగ్గుతాడు. ఆ జాగ్రత్తకు మూల్యం విద్యార్థులు చెల్లిస్తారు. మన కళాశాలల నిబంధనావళులలోని ‘అవాంఛనీయ వ్యక్తులు’, ‘సంస్థ ప్రతిష్ఠకు భంగకరమైన కార్యక్రమాలు’ అనే పదాలను ఈ దృష్టితో మరొకసారి చదువుకోవడం మంచిది.

అల్లరి చేస్తామన్నవానికి తాళం చెవులు

అనుమతి నిరాకరణకు సాధారణంగా చూపే కారణం వక్త మాట కాదు, దానికి ఇతరులు చేయబోయే అల్లరి. ఫలానా సంఘంవారు ఊరుకోరని, ఊరిలో ఉద్రిక్తత ఏర్పడుతుందని చెబుతారు. ఈ వాదాన్ని అంగీకరించిన మరుక్షణం సభ జరగాలో వద్దో నిర్ణయించే అధికారం బెదిరించినవాని చేతికి పోతుంది. ఎంత బిగ్గరగా బెదిరిస్తే అంత అధికారం.

1989లో రంగరాజన్ వ్యాజ్యంలో మన సుప్రీంకోర్టు దీనికి సూటిగా సమాధానమిచ్చింది. రిజర్వేషన్లను విమర్శించిన ఒక తమిళ చలనచిత్రాన్ని ప్రదర్శిస్తే అల్లర్లు జరుగుతాయన్నది ఆ వ్యాజ్యంలో వాదన. ప్రదర్శనలు, ఊరేగింపులు, హింస జరుగుతాయన్న బెదిరింపు కారణంగా భావప్రకటన స్వేచ్ఛను అణచరాదని, ఆ స్వేచ్ఛను కాపాడడం ప్రభుత్వ విధి అని, విరోధులైన ప్రేక్షకులను అదుపు చేయలేమని ప్రభుత్వం చేతులెత్తరాదని కోర్టు స్పష్టం చేసింది. మాటకు, ప్రమాదానికి గల సంబంధం దూరపుదో ఊహాజనితమైనదో కాక, మందుగుండు పెట్టెలో నిప్పురవ్వ వంటిదై ఉండాలని చెప్పింది.

బ్రిటన్‌లో ఇదే సమస్య లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో తలెత్తింది. వెలుపలి వక్తలతో సహా అందరి శాసనసమ్మతమైన వాక్‌స్వాతంత్ర్యాన్ని కాపాడడానికి తగిన చర్యలు తీసుకోవాలని 1986 నాటి విద్యాచట్టం 43వ సెక్షను ఆ దేశపు విశ్వవిద్యాలయాలను ఆదేశించింది. 1988లో అక్కడి విద్యార్థి సంఘమొకటి దక్షిణాఫ్రికా రాయబార కార్యాలయ అధికారులను ఆహ్వానించింది. జాతివివక్ష ప్రభుత్వపు ప్రతినిధులు! సమీపంలోని నల్లజాతివారి పేటలో అల్లర్లు చెలరేగుతాయన్న భయంతో విశ్వవిద్యాలయం అనుమతి ఉపసంహరించింది. 1990లో వెలువడిన తీర్పు రెండు సంగతులు చెప్పింది. తన ఆవరణలో, తన సభ్యుల వల్ల కలిగే అశాంతిని విశ్వవిద్యాలయం లెక్కలోకి తీసుకోవచ్చు. ఆవరణకు వెలుపల, తన అదుపులో లేనివారు చేయబోయే అల్లరి దాని లెక్కలోనిది కాదు, అది పోలీసుల పని.

ఈ ఉదాహరణను కావాలనే ఎన్నుకొన్నాను. జాతివివక్ష విధానం పట్ల మన దేశానికి ఉన్న ఏహ్యత ప్రపంచానికి తెలిసినదే. 1946లోనే దక్షిణాఫ్రికాతో వాణిజ్యాన్ని నిలిపివేసిన దేశం మనది. ఆ ప్రభుత్వపు ప్రతినిధులను పిలవడం ఆ విద్యార్థుల విజ్ఞతకు తార్కాణమని నేననను. కాని మనకు నచ్చిన వక్తల విషయంలో వాక్‌స్వాతంత్ర్యాన్ని సమర్థించడానికి ధైర్యం అవసరం లేదు. గాంధీజీ పక్షాన నిలవడం నేడు ఎవరికైనా సులభమే.

పరిమితులు లేవా? ఉన్నాయి. మతం, జాతి, భాష, ప్రాంతం ఆధారంగా ప్రజల నడుమ వైరం పెంచే మాట నేరమే. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయసంహితలో అది 196వ సెక్షను. ఒక వక్త ఫలానా కులంవారి ఇండ్లపై పడమని విద్యార్థులను ఉసిగొలిపితే అది మూడవ మెట్టు. కాని ఆ నేరాన్ని అతడు చేస్తాడేమోనన్న శంకతో ముందుగానే నోరు మూయడానికి శంక మాత్రం చాలదు, ఆధారం కావాలి.

సభ జరిపే విధానం

ఇరవై ఏండ్లకు పైగా ఒక జిల్లా కేంద్రంలోని కళాశాలలో అధ్యాపకునిగా పనిచేసిన కాలంలో నేను ఎరిగిన రద్దయిన సభలలో చాలావరకు సిద్ధాంత విభేదాల వల్ల కాక, ఏర్పాట్లలోని అలసత్వం వల్లనే రద్దయినాయి. ఒకసారి వక్తృత్వ సంఘం వారు ఒక రచయితను పిలిచి, కరపత్రాలు పంచి, సభకు ముందునాటి సాయంత్రం హాలు తాళాలు అడిగారు. ఆ మధ్యాహ్నమే ఎవరో ఫోను చేసి బెదిరించారట. ప్రిన్సిపాలుగారు తాళాలు ఇవ్వలేదు. రాతపూర్వకంగా కారణమూ ఇవ్వలేదు. రచయిత రైలు దిగి, స్టేషను ఎదుటి హోటలులో కాఫీ తాగి, తిరుగు బండి ఎక్కారు. ఆయనను సాగనంపడానికి వెళ్లిన నలుగురు విద్యార్థుల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. ఆనాడు వారి తరఫున నేను ప్రిన్సిపాలు గదికి వెళ్లలేదు. వెళ్లి ఉండవలసింది.

కనుక కొన్ని ఆచరణ విషయాలు చెప్పుకోవాలి. దరఖాస్తును కనీసం పది దినాల ముందు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోవాలి. అందులో వక్త పేరు, విషయం, వేళ, అంచనాకు వచ్చే సభికుల సంఖ్య ఉండాలి. ప్రసంగ పాఠం ముందుగా ఇమ్మని అడిగే అధికారం ఎవరికీ ఉండరాదు. కళాశాల తన జవాబును నిర్ణీత గడువులో ఇవ్వాలి, నిరాకరిస్తే కారణం రాయాలి. కారణం రాయవలసి వచ్చినప్పుడు సగం నిరాకరణలు వాటంతటవే ఆగిపోతాయి, ఎందుకంటే ‘నాకు భయంగా ఉన్నది’ అని కాగితంపై ఎవరూ రాయరు. ఆ కారణంపై విన్నవించుకోవడానికి ఉపకులపతి గాని ఒక చిన్న సంఘం గాని ఉండాలి. ఆ విన్నపం సభ తేదీకి ముందే తేలాలి. బందోబస్తు ఖర్చును ఆహ్వానించిన విద్యార్థుల నెత్తిన వేయరాదు. వేస్తే, బెదిరింపు ఎంత పెద్దదైతే అంత జరిమానా విధించినట్లవుతుంది.

2006లో లింగ్డో సంఘం సిఫారసులను సుప్రీంకోర్టు అమలు చేయమన్నప్పటినుంచి, ‘బయటివారిని పిలవరాదు గదా’ అనే మాట కళాశాలల్లో తరచుగా వినబడుతున్నది. ఆ సిఫారసులు విద్యార్థి సంఘ ఎన్నికలకు సంబంధించినవి. విద్యార్థులు కానివారు ఎన్నికల ప్రక్రియలో పాల్గొనరాదన్నదే అందులోని నియమం. దానిని సాహిత్యసభకు, చర్చాగోష్ఠికి వర్తింపజేయడం పొరపాటు.

సభలో అధ్యక్షుని స్థానం అలంకారప్రాయం కాదు. కాశీ సభ తెలిపే సంగతి ఇదే: సంకటస్థితిలో అందరి కళ్లూ అటువైపే తిరిగాయి. వక్త అభిప్రాయంతో ఏకీభవించనివారిని అధ్యక్షునిగా పెట్టడం ఉత్తమమని నా అనుభవం. ప్రసంగానికి ఎంత కాలమో ప్రశ్నలకూ కనీసం అందులో సగం కాలం ఇవ్వాలి. మొదటి ప్రశ్న విరోధికే ఇవ్వాలి. నల్లజెండా పట్టుకొని ద్వారం వద్ద నిలబడినవానికి, ఆక్షేపణ కరపత్రం పంచినవానికి, నిరసనగా లేచి వెళ్లిపోయినవానికి కూడ వాక్‌స్వాతంత్ర్యం ఉన్నది. సభలో ఎడతెగని ఈలలతో వక్త గొంతు వినబడకుండ చేసేవానికి మాత్రం అది వర్తించదు. అతడు మాట్లాడడం లేదు, వినడాన్ని ఆపుతున్నాడు.

జాతీయ సమైక్యతకు కూడ వెలుపలి వక్త ఆవశ్యకుడే. సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపాధ్యక్షులుగా ఉన్న కాలంలో, 1933లో, రవీంద్రనాథ ఠాకూరు విశాఖపట్టణానికి వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మానవుని గూర్చి ఉపన్యసించారు. బెంగాలు కవి తెలుగు విద్యార్థుల ఎదుట నిలబడడమే ఆనాడు ఒక పాఠం. నేడు కాశ్మీరునుంచి, నాగాలాండునుంచి, ద్రవిడదేశంనుంచి వచ్చే వక్తలు మన విద్యార్థులకు మన పత్రికలు చెప్పని సంగతులు చెప్పగలరు. వాటిలో కొన్ని చేదుగా ఉంటాయి. తీపిమాటలు మాత్రమే వినిపించే సమైక్యత ఉత్సవాలకు పనికివస్తుంది గాని, ఆ ప్రాంతపు విద్యార్థి మన వసతిగృహంలో పక్కమంచంపై పడుకొన్న రాత్రి అక్కరకు రాదు.

చివరగా, సభలో జరిగినదాన్ని యథాతథంగా రాసి భద్రపరచే పనిని ఒక విద్యార్థికి తప్పక అప్పగించాలి. వక్త అనని మాటలు ఆయన అన్నట్లుగా మర్నాడు ఊరంతా తిరిగినప్పుడు ఆ కాగితమే సాక్ష్యం. కాశీలో గాంధీజీ చేసిన ప్రసంగం ఈనాటికీ మనకు ముద్రణలో లభిస్తున్నది. అయితే అధ్యక్షులు లేచిపోయిన చోటనే అదీ ఆగిపోయింది.